నిమ్మాకు పొట్లం

ఏప్రిల్ 18, శనివారం

కుడి పేజీలో ఎప్పటిలా లెక్కలు. ఎడమ పేజీలు ఇన్నేళ్ళూ ఖాళీగానే పోయాయి. ఇవాళ అక్కడ రాస్తున్నాను. చదివేవాళ్ళెవరూ లేరు.

మైమూనా పొద్దున రైలుకి సైమన్స్ టౌన్ వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి వచ్చింది. గాలికి మొహమంతా ఎర్రబడింది. చెప్పులు గుమ్మంలో విడిచి, ఆ ఇసుక దులపకుండా అలాగే వదిలేసింది. ఎప్పుడూ అలా వదిలే మనిషి కాదు.

మా పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. తను పుట్టిన ఊరు చూసొస్తానని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు. అరవై ఏడులో ప్రభుత్వం ఆ ఊరు తెల్లవాళ్ళకే అని ప్రకటించి, వాళ్ళ వీధి వీధంతా లారీలెక్కించారు. కొందరిని కొండ అవతల ఓషన్ వ్యూలో, కొందరిని ఇటు మా రిట్రీట్ వైపు తెచ్చి దింపారు. అప్పటికామెకి పదిహేనేళ్ళు. నాకు తెలిసింది ఇంతే. పెళ్ళయిన కొత్తలో అడిగితే, "ఏముంది చెప్పడానికి, మర్చిపోయాను," అంది. మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాను.

సెదిక్ అని వాళ్ళ వీధివాడే ఒకాయన, శనివారాలు స్టేషన్లో రైలు దిగినవాళ్ళని పోగేసి, ఊరంతా నడిపించి పాత చోట్లు చూపిస్తున్నాడట.

"మా ఇంటి ముందు నిలబడి రెండు మాటలు చెప్పమన్నాడు. చెప్పాను," అంది.

ఎన్ని మాటలని అడగలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అన్నాను. సరిపోలేదు.

ఏప్రిల్ 19, ఆదివారం

అమ్మాయి రుకయా, అల్లుడు వచ్చారు. ఆదివారం కదా, వేడివేడి కూసిస్టర్లు వేయించి, పాకంలో ముంచి, కొబ్బరి అద్ది తెచ్చింది.

"నాన్నా, అమ్మ సంగతి విన్నావా? మా ఆఫీసులో ఒకావిడ నిన్న ఆ నడకకి వెళ్ళిందట. మీ అమ్మ రేడియో పెట్టినట్టు గడగడా మాట్లాడిందే అంది."

"మీ అమ్మా?"

"నేనూ అదే అన్నాను. ఎవరో వేరే మైమూనా అయ్యుంటుంది, మా అమ్మయితే కాదని."

మైమూనా టీ పోస్తూ, "చాల్లెండి తండ్రీకూతుళ్ళు," అంది.

అల్లుడు ఇంకో కూసిస్టర్ అందుకుంటూ, "ఈ ఇంట్లో ఆ స్టేషన్ అందదేమో మామయ్యా," అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే గుర్తు.

ఏప్రిల్ 25, శనివారం

వాన. అయినా వెళ్ళింది. నా గొడుగు తీసుకెళ్ళింది.

ఏప్రిల్ 28, మంగళవారం

రిపేరుకొచ్చిన పాత కుట్టుమిషన్ ఒకటి విప్పి బల్ల మీద పరిచి ఉంది. షటిల్ అరిగిపోయింది. చేతులనిండా నూనె, అప్పుడే ఫోను.

"సలాం అన్నా. సైరన్ ఉందా?"

"ఎవరు కావాలి?"

"సైరన్. అదే, మైమూనా. మా వీధిలో అలాగే పిలిచేవాళ్ళం లెండి. డాక్‌యార్డు సైరన్ ఒకటి, దాన్ని మించి ఈ పిల్ల ఒకటి. కొండ మీద అరిస్తే ఓడల్లోకి వినిపించేది."

రాంగ్ నంబర్ అని పెట్టేశాను. ఎందుకలా అన్నానో తెలియదు.

నా ఇంట్లో గొంతెత్తని మనిషి. పక్క గదిలో ఉన్నా నన్ను పిలవదు, లేచొచ్చి భుజం తట్టి చెబుతుంది. అది ఆమె స్వభావం అనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళు అదే అనుకున్నాను.

సైరనట.

మే 2, శనివారం

మళ్ళీ.

మే 5, మంగళవారం

లైబ్రరీకి వెళ్ళి సైమన్స్ టౌన్ గురించి ఉన్న పుస్తకాలు రెండు తెచ్చాను. మిషన్ల పని నాకెవరూ నేర్పలేదు, పుస్తకం ముందేసుకుని విప్పి బిగించి నేర్చుకున్నాను. ఊరు ఎంతలే అనుకున్నాను. రాత్రి అన్నం దగ్గర ఒక మాట వేసి చూశాను.

"ఆ ఓడరేవు మొదట్లో డచ్చివాళ్ళు చలికాలం ఓడలు ఆపుకోవడానికి ఎంచుకున్నారట. తెలుసా?"

"ఊఁ."

"పేరు కూడా ఒక గవర్నరుది."

"ఊఁ."

"పాత ఆసుపత్రి ఏ వీధిలో ఉండేదో రాశాడు."

మైమూనా గిన్నె పక్కన పెట్టింది. "ఆ పుస్తకంలో మా వీధి ఉందా?"

రెండు పుస్తకాలూ తిరగేశాను. లేదు. ఒక ఫొటోలో కొండవాలు మీద చుక్కల్లా ఇళ్ళున్నాయి. వీటిలో మీదేదని అడగబోయాను. అప్పటికే గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది.

సెదిక్‌కి పుస్తకం అక్కర్లేదు. అక్కడ పుట్టడమే ఆయన చేసిన గొప్ప.

మే 9, శనివారం

ఫిష్ హోక్‌లో ఒక కొట్లో పాత మిషన్లకి బెల్టులు దొరుకుతాయన్నారు. ఆమె వెళ్ళిన తర్వాతి రైలెక్కాను. ఫిష్ హోక్‌లో దిగాలి. దిగలేదు. అక్కణ్ణించి పట్టాల పక్కనే సముద్రం, కిటికీ అద్దం మీదికి నీళ్ళు చిమ్ముతూ ఉంటుంది. అది చూస్తూ ఉండిపోయానని రాసుకుంటున్నాను.

సైమన్స్ టౌన్‌లో దిగేసరికి వాళ్ళు పెద్ద వీధిలోనే ఉన్నారు. పదిహేను మంది దాకా. ముందు సెదిక్, చేతిలో మూసిన గొడుగు జెండాలా పైకెత్తి. ఎర్ర ఫెజ్ టోపీ, మెరిసే బూట్లు. కొండ మెట్లెక్కేవాడికి అలాంటి బూట్లెందుకు?

నేను వెనకాలే, అద్దాల్లో సామాను చూస్తూ నడిచాను.

కూడలిలో కుక్క విగ్రహం దగ్గర ఆగారు. సెదిక్ దాని తల నిమిరాడు. "ఈయనగారు రైళ్ళలో టిక్కెట్టు లేకుండా తిరిగేవాడండీ. రైల్వేవాళ్ళు దించేస్తుంటే నౌకాదళం ఉద్యోగమిచ్చి కాపాడింది. పోతే సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు. ఆ తర్వాత పాతికేళ్ళు తిరక్కుండానే మమ్మల్ని లారీ ఎక్కించారు. పాపం, మమ్మల్నీ టిక్కెట్టు అడగలేదు లెండి."

నవ్వారు. నవ్వాక, నవ్వినందుకు ఇబ్బందిపడ్డారు. ఆ రెండూ ఎలా రప్పించాలో అతనికి తెలుసు. తెలివైనవాడే, ఒప్పుకోవాలి.

అక్కణ్ణించి మెట్లు. సందు మలుపులో నీళ్ళ పీపా ఉంటే దాని వెనక నిలబడ్డాను. నీలం తలుపున్న ఒక ఇంటి ముందు సెదిక్ పక్కకి తప్పుకుని, "ఇక సైరన్ కూస్తుంది," అన్నాడు.

మైమూనా ముందుకొచ్చింది. తలగుడ్డ సర్దుకుంది. ఆమె గొంతు నాకు తెలిసిన గొంతే, కానీ లోపలెక్కడో మూత తీసినట్టుంది. గాలి వీస్తున్నా ప్రతి మాటా నా దాకా వచ్చింది.

వాళ్ళ నాన్న డాక్‌యార్డులో ఓడలకి రంగులేసేవాడట. సాయంత్రం సైరన్ కూయగానే ఈ పిల్ల మెట్ల మీదికొచ్చి, సైరన్ ఆగేలోపల నాన్నా అని కేక పెట్టేదట. గేటు దగ్గర వందమంది మగాళ్ళలో ఆయనొక్కడే తల పైకెత్తేవాడట. అది పందెం. ఒక్కరోజు కూడా ఓడిపోలేదట.

తర్వాత లారీ.

"పెరట్లో నిమ్మచెట్టు ఉండేదండి. దాని పిలక ఒకటి జాం డబ్బాలో పెట్టి, నీళ్ళు పోసి మా నాన్న నా ఒళ్ళో పెట్టారు. లారీలో అందరూ ఏడుస్తున్నారు. నేను ఏడవలేదు. డబ్బాలో నీళ్ళు తొణక్కూడదు కదా. అదే నాకు అప్పగించిన పని. దారంతా ఊపిరి బిగపట్టుకుని కూచున్నాను. ఆ రోజు నుంచే అనుకుంటా, నా గొంతు తగ్గిపోయింది. గట్టిగా మాట్లాడితే ఏదో తొణుకుతుందని."

పచ్చ రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె కళ్ళు తుడుచుకుంది. మైమూనా ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఎవరా పిల్ల? ఆ ఏడవడం నా వంతు.

ఆ నిమ్మచెట్టు మా పెరట్లో ఉంది. పెళ్ళికి ఆమెతో కుండీలో వచ్చింది. నేనే గొయ్యి తీసి నాటాను. ఇన్నేళ్ళుగా నీళ్ళు పోస్తున్నాను. నిమ్మచెట్టు అనుకునే పోస్తున్నాను.

అక్కణ్ణించి పైకి, మసీదు గుమ్మం దగ్గరికి వెళ్ళారు. నేను కింది మెట్ల దగ్గరే ఆగాను. గాలి పెరిగింది. సెదిక్ మాటలు సగం సగం వినపడ్డాయి. మౌలూద్ గురించి చెబుతున్నాడు. ప్రవక్త పుట్టినరోజు మధ్యాహ్నం ఆడవాళ్ళు మసీదులో పీటలు వేసుకుని, నిమ్మాకులు, నారింజాకులు సన్నగా తరుగుతారని, అత్తరు చల్లి రంగుకాగితాల్లో పొట్లాలు కడతారని, సాయంత్రం మగవాళ్ళు అందుకుని జేబులో పెట్టుకుంటారని. చెబుతూ కోటు లోపలి జేబులోంచి ఒక పొట్లం తీశాడు. ఆకుపచ్చ కాగితం.

"ఇది మా వీధి ఆడపిల్ల చేతిది," అన్నాడు. తర్వాతిది గాలి తీసుకుపోయింది.

పొట్లం మడత చూశాను. రిట్రీట్‌లో మా మసీదు ఆడవాళ్ళు చివరలు మెలితిప్పి మిఠాయి పొట్లంలా కడతారు. మైమూనా ఒక్కతే చివర లోపలికి తోసి, పడవలా మడుస్తుంది. ఏటా నాకిచ్చేది అదే. వందలో ఉన్నా గుర్తుపడతాను.

అతని చేతిలో ఉన్నది పడవ.

మౌలూద్‌కి ఇంకా రెండు నెలలుంది.

బెల్టులు దొరకలేదు.

మే 10, ఆదివారం

ఏమీ అడగలేదు. ఆమె కూడా.

మే 12, మంగళవారం

బీరువాలో నా చొక్కాల కింద నిరుటి పొట్లం ఉంది. తీసి చూశాను. గులాబీ కాగితం, పడవ మడత. వాసన దాదాపు పోయింది. కోటు లోపలి జేబులో పెట్టుకుంటే ఒంటి వేడికి ఎక్కువ కాలం ఉంటుందేమో. నాకా ఆలోచనే రాలేదు.

మే 16, శనివారం

వెళ్ళే ముందు, "నువ్వూ రారాదూ," అంది గుమ్మంలో నిలబడి.

"పనుంది."

"శనివారం కూడానా?"

"పనికి శనివారం ఏంటి."

చెప్పులు వేసుకుంది. రెండుసార్లు అడిగితే వెళ్ళేవాణ్ణేమో. ఒకసారే అడిగింది.

పని లేదు. ఉన్న ఒక్క మిషనూ నిన్ననే అయిపోయింది. దాన్నే మళ్ళీ విప్పి బిగించాను.

మే 21, గురువారం

సెదిక్ ఫోను. ఈసారి పేరు సరిగ్గానే చెప్పాడు. శనివారం ఒక బడి పిల్లలు వస్తున్నారట, మైమూనాని కొంచెం ముందుగా రమ్మన్నాడు.

"ఆమెకి ఒంట్లో బాగోలేదు. రాదు," అన్నాను.

"అయ్యో. ఏమైంది?"

"గొంతు."

మే 23, శనివారం

మామూలు రైలుకే వెళ్ళింది. సాయంత్రం వచ్చి తలగుడ్డ మడుస్తూ అంది.

"నాకు గొంతు బాగోలేదని ఎవరో ఫోన్లో చెప్పారట."

"ఎవరు?" అన్నాను.

"అదే. ఎవరో."

మిరియాల చారు పెట్టింది. గ్లాసు నా ముందే పెట్టింది. "తాగు. ఎవరి గొంతు బాగోలేదో మరి," అంది.

తాగాను.

జూన్ 6, శనివారం

వాన, వాయవ్యం గాలి. రైళ్ళు ఆలస్యమట. కిటికీ దగ్గర నిలబడ్డాను, వాన చూడ్డానికి. స్టేషన్ నుంచి వచ్చే దారి కూడా ఆ కిటికీలోంచే కనిపిస్తుంది, అది వేరే సంగతి.

జూన్ 14, ఆదివారం

రుకయా ఉండగానే చెప్పింది. ఈసారి మౌలూద్ జులై ఐదు ఆదివారం సైమన్స్ టౌన్ పాత మసీదులోనే జరుపుకోవాలని వాళ్ళ వీధి ఆడవాళ్ళు అనుకున్నారట. ఓషన్ వ్యూ నుంచి, రిట్రీట్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వస్తారట. లారీలెక్కాక వాళ్ళంతా ఒక్కచోట కూచుని ఆకు తరగడం ఇదే మొదటిసారట.

"ఆకు నేను తెస్తానన్నాను," అంది మైమూనా. "మన చెట్టుది. అక్కడి ఆకు అక్కడికే వెళ్తుంది."

రుకయా, "అమ్మా, చెట్టంతా దులిపేస్తావా ఏంటి," అంది.

"దులిపితే మళ్ళీ రాదా."

ఆమె మొహం అలా నేనెప్పుడూ చూడలేదు. పదిహేనేళ్ళ పిల్ల మొహం ఎలా ఉండి ఉంటుందో అలా ఉంది. ఆ మొహం తెలిసినవాడు ఒకడున్నాడు.

జూన్ 20, శనివారం

వెళ్ళింది.

సెదిక్ భార్య పోయి చాలా కాలమైందట. రుకయా చెప్పింది. నేనడగలేదు, తనే చెప్పింది. ఒంటరివాడు బూట్లు అంత మెరిపించుకుంటాడా?

జూన్ 27, శనివారం

నిమ్మచెట్టు కత్తిరించాను. ఆకుల వెనక పురుగు కనపడింది. చలికాలంలోనే కత్తిరించాలి, పుస్తకంలో కూడా అదే ఉంది. కొమ్మలన్నీ తీసేస్తే గానీ పురుగు పోదు. మొద్దు దాకా తీశాను. కొమ్మలు గోనెసంచుల్లో కుక్కి షెడ్డు వెనక పెట్టాను. చేతులు గీరుకున్నాయి, ఇంకా ఆ వాసనే వేస్తున్నాయి. సబ్బుతో రెండుసార్లు కడిగాను.

పనైపోయాక చెట్టుకేసి చూడలేదు.

ఆమె చీకటి పడ్డాక వచ్చింది. పెరట్లోకి వెళ్ళలేదు.

జూన్ 28, ఆదివారం

పొద్దున టీ పెట్టి, ఉతికిన బట్టలారేయడానికి వెళ్ళింది. నేను వంటగదిలోనే ఉన్నాను. చాలాసేపు బయటినుంచి ఏ చప్పుడూ లేదు. కేక వేస్తుందనుకున్నాను. ఆమెకి కేక ఉందని ఇప్పుడు నాకు తెలుసు కదా.

లోపలికొచ్చింది. తడి బట్టల బకెట్టు చేతిలో అలాగే ఉంది.

"ఏమైంది చెట్టుకి?"

"పురుగు పట్టింది."

"ఏ పురుగు?"

"ఆకు వెనక. తెల్లగా."

బకెట్టు కింద పెట్టింది. నా చేతుల మీది గీతలు చూసింది. "మందు రాయి వాటికి," అంది. తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "అడిగుంటే చెప్పేదాన్ని కదా," అంది.

ఏమడిగి ఉంటే అని అడగలేదు.

జూన్ 29, సోమవారం

షెడ్డు వెనకనుంచి సంచులు తీసి పారేద్దామని వెళ్ళాను. ఒక సంచి మూతి విప్పి ఉంది. పిల్లి లాగిందేమో. వదిలేశాను.

జూన్ 30, మంగళవారం

ఇరుగుపొరుగు ఇళ్ళకి వెళ్ళి నారింజాకు అడిగి తెస్తోంది. ఆమె ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు.

పురుగు లేదు.

జులై 2, గురువారం

ఫోను.

"సలాం బావా, సెదిక్‌ని."

బావ. "ఎవరికి బావ?" అన్నాను.

"అదేంటి, మా వీధి ఆడపిల్ల మొగుడు నాకు బావ కాక ఏమవుతాడు? ఆదివారం సాయంత్రం మీరు రావాలి. మా మగాళ్ళు సగంమంది పోయారు. ఉన్నవాళ్ళలో సగంమందికి మోకాళ్ళు లేవు. మసీదు నిండాలి బావా. అల్లుళ్ళు కూడా రాకపోతే ఆ పొట్లాలన్నీ నేనొక్కణ్ణే జేబులో వేసుకోవాలి."

"చూస్తాను."

"చూడ్డానికి కాదు, రావడానికి పిలుస్తున్నాను. మొన్న మే నెలలో వచ్చినట్టు నీళ్ళ పీపా వెనక కాదు, లోపలికి."

ఫోను పెట్టేశాక చాలాసేపు దాని పక్కనే కూచున్నాను. వాడు చూశాడు. ఆమెకి చెప్పాడా?

జులై 5, ఆదివారం, మౌలూద్

ఆడవాళ్ళు మధ్యాహ్నమే వెళ్ళిపోయారు. నేను అల్లుడితో సాయంత్రం రైలెక్కాను. మంచి కోటు వేసుకున్నాను. బూట్లు తుడిచాను. మామూలుగానే తుడిచాను.

మసీదు నిండింది. గుమ్మంలోకి రాకముందే ఆకు వాసన. పీటలు, కత్తులు గోడవారగా సర్ది ఉన్నాయి, ఆడవాళ్ళు పై అంతస్తుకి వెళ్ళిపోయారు. మగాళ్ళంతా నిలబడి ప్రవక్తని స్తుతిస్తూ సలవాతులు పాడారు. ఫెజ్ టోపీల ముసలాళ్ళు కొందరు పాడుతూ గోడలకేసే చూస్తున్నారు. నా పక్కనున్న ఆయన గోడని అరచేత్తో తడిమి, మళ్ళీ పాట అందుకున్నాడు.

తర్వాత చిన్నపిల్లలు పళ్ళేలు పట్టుకొచ్చారు. ఎర్రవి, పసుపువి, నీలంవి పొట్లాలు. ఒక్కొక్కరూ ఒకటి తీసుకుని వాసన చూసి జేబులో పెట్టుకుంటున్నారు. నా ముందు పళ్ళెం ఆగింది.

అన్నీ పడవలే.

ఆ పళ్ళెం చూశాను, పక్క పళ్ళెం చూశాను. ఎదుటి ముసలాయన జేబులోంచి తొంగిచూస్తున్నదీ పడవే. మెలితిప్పినది ఒక్కటి లేదు.

సెదిక్ జనాన్ని తప్పించుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. ఏం తోచక, "ఈ మడత..." అన్నాను.

"మా వీధిది బావా. డాక్‌యార్డుకి వెళ్ళే మొగుళ్ళకి రొట్టె ఇలాగే కట్టేవాళ్ళు, తోవలో విడిపోకుండా. ఆడపిల్లలకి మొదట నేర్పేదిదే. లోకంలో ఇంకెక్కడా ఇలా మడవరు. ఇప్పుడంటే ఎక్కడెక్కడో ఒక్కొక్కరు మడుస్తున్నారనుకో."

కోటు లోపలి జేబులోంచి ఆకుపచ్చ పొట్లం తీశాడు. దగ్గర్నుంచి చూస్తే కాగితం వెలిసిపోయి, మడతల దగ్గర చిరిగి ఉంది.

"మా ఆవిడ చివరి ఏడాది కట్టింది. రోగం ముదిరిపోయింది అప్పటికి. మంచం మీదే తరిగింది. వాసన పోయి చాలా కాలమైంది. అయినా చూపిస్తుంటాను. మీరు ఆ రోజు కింది మెట్ల మీదే ఆగిపోయారు, చూసి ఉండరు."

"చూశాను," అన్నాను.

నేను పళ్ళెంలో చెయ్యి పెట్టబోతుంటే ఆ పిల్ల వెనక్కి లాగేసుకుంది. "మీకిది కాదు తాతా. మైమూనా నాయనమ్మ ఇది ఇమ్మంది." రెండో చేతిలోంచి తెల్ల కాగితం పొట్లం ఒకటి ఇచ్చింది.

వాసన చూశాను. గదంతా నారింజాకు, గులాబీ అత్తరు. నా చేతిలోది నిమ్మాకు. అత్తరు చుక్క కూడా లేదు. వారం రోజులుగా నా చేతుల్ని వదలని వాసన అది.

పైకి చూశాను. జాలీ వెనక తలగుడ్డలన్నీ ఒకేలా ఉన్నాయి. ఆమె ఎక్కడుందో తెలియలేదు. నేనెక్కడున్నానో ఆమెకి తెలుసు.

జులై 6, సోమవారం

పొద్దున టీ దగ్గర నేనే మొదలుపెట్టాను.

"పురుగు లేదు."

"తెలుసు. సంచిలో ఆకు ఇంకా పచ్చగానే ఉంది. ఒక్క చిల్లు లేదు."

"ఆ సంచి మూతి పిల్లి విప్పిందనుకున్నాను."

"పిల్లే." టీ తాగింది. "ఒక పొట్లానికి సరిపడా తరిగాను."

"ఒకటేనా?"

"ఒకటే. మిగతావాళ్ళకి నారింజాకు చాల్లే అనుకున్నాను."

బయట పాలవాడి బండి వెళ్ళింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "ఆ డబ్బా సంగతి. సైరన్ సంగతి. రైలు దిగినవాళ్ళందరికీ చెబుతున్నావు."

"వాళ్ళు సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోతారు." గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "నీకు చెబితే అది ఇంట్లోనే ఉండిపోతుంది. పొద్దున లేస్తే నీ మొహంలో జాలి చూడాలి. నాన్న ఇలా తల పైకెత్తేవాడని ఒకసారి చెబుతాను. ఆ తర్వాత నేను గిన్నెలు తోముకుంటున్నా నువ్వు నన్నలాగే చూస్తావు. అక్కడైతే చెప్పి, మెట్లు దిగి వచ్చేస్తాను."

"ఆ సెదిక్‌కి జాలి లేదా?"

"వాడు లారీలో నా పక్కనే కూచున్నాడు. వాడికి జాలేంటి? వాడి ఒళ్ళో కోడి ఉంది." నవ్వింది. "అది వాడి మీద రెట్ట వేసింది. అదీ చెబుతాను వాళ్ళకి. నువ్వు విన్నరోజు చెప్పలేదు, అంతే."

అంటే ఆమెకీ తెలుసు.

"నేను విని ఏడవను," అన్నాను.

"నువ్వు చెట్టు కొట్టావు," అంది.

జులై 8, బుధవారం

పుస్తకం చూశాను. మొద్దు బతికే ఉంటే సెప్టెంబరుకి గానీ చిగురు రాదట. రాకపోవచ్చు కూడా. చుట్టూ మట్టి గుల్ల చేసి గడ్డి కప్పాను. ఆమె కిటికీలోంచి చూసింది.

జులై 11, శనివారం

ఆమె ఎక్కిన రైలే ఎక్కాను, వేరే పెట్టెలో. ఆమె చూసింది. తల తిప్పుకుంది.

సైమన్స్ టౌన్‌లో రైలు దిగినవాళ్ళతో కలిసి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. సెదిక్ గొడుగెత్తి, "కొత్తవాళ్ళంతా ఇటు రండి," అన్నాడు. నా మొహం కూడా మిగతా మొహాల్లాగే చూసుకుంటూ పోయాడు. ఆ మనిషి మంచివాడు. ఆ సంగతి నాకేమంత నచ్చలేదు.

కుక్క దగ్గర నవ్వాను. సరైనచోట ఇబ్బందిపడ్డాను కూడా.

నీలం తలుపు ఇంటి ముందు మైమూనా నిలబడి తలగుడ్డ సర్దుకుంది. నేను అందరికన్నా వెనక ఉన్నాను. సైరన్ సంగతి చెప్పింది, వాళ్ళ నాన్న తల పైకెత్తడం చెప్పింది. ముందు వరసలో ఒక జర్మన్ ఆయన చెయ్యెత్తాడు. "ఆయన తల పైకెత్తి ఏం చేసేవాడు? జవాబిచ్చేవాడా?" అన్నాడు.

మంచి ప్రశ్న. అది నేనడగాల్సింది. ఇరవై నాలుగేళ్ళ టైముండి కూడా.

"లేదండీ," అంది మైమూనా. "టోపీ తీసి, మళ్ళీ పెట్టుకునేవారు. అంతే. విన్నానని."

తర్వాత లారీ దగ్గరికొచ్చింది. అక్కడ గొంతు తగ్గింది. గాలి వీచింది. ఆగి, తలెత్తి, ముందున్న వాళ్ళ తలల మీదుగా చూసింది.

"వెనకున్న పెద్దాయనా, మీకు వినిపిస్తోందా?"

పెళ్ళయ్యాక ఎప్పుడూ నన్ను మీరు అనలేదు. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

వినిపిస్తోంది. ప్రతి మాటా వినిపిస్తోంది.

"లేదండీ," అన్నాను. "ఇంకొంచెం గట్టిగా."